మాటు వేసిన కెమెరాలు

టీవీలో క్రికెట్ చూసేవాళ్లకి బౌండరీ తాడు అవతల వరసగా కూర్చున్న ఫోటోగ్రాఫర్లు కనిపిస్తూనే ఉంటారు. కింద చిన్న స్టూలు, నెత్తిన టోపీ, ముందు తెల్లటి పెద్ద లెన్సు. బంతి నేరుగా మీదికొస్తే వాళ్లు ముందు తల కాచుకోరు, లెన్సును ఒళ్లోకి లాక్కుంటారు. తల సొంతం, లెన్సు ఆఫీసుది.

కనిపించని కెమెరాలు వేరే ఉన్నాయి. ఫుట్‌బాల్ గోల్ వల వెనక గడ్డిలో నక్కి ఒకటి, బాస్కెట్‌బాల్ బోర్డు అద్దం వెనక ఒకటి, బాక్సింగ్ రింగుకు నడినెత్తిన లైట్ల మధ్య ఒకటి, ఈతకొలను అడుగున ఒకటి. వాటి దగ్గర మనిషి ఉండడు. ఆట మొదలవడానికి గంటల ముందే ఎవరో వచ్చి బిగించి పోతారు. ఆ తర్వాత అవి మాటు వేసిన వేటగాళ్లలా ఒకే చోటుకేసి చూస్తూ ఉండిపోతాయి.

మంచి ఆట ఫోటో దేనివల్ల వస్తుందని అడిగితే మా వృత్తిలో ఎప్పుడూ రెండు జవాబులు వినిపిస్తాయి. వేగం వల్ల అనేవాళ్లు కొందరు: సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఫోకస్ ఎంత చురుకు, లెన్సు ఎంత వెలుతురు తాగుతుంది. చోటు వల్ల అనేవాళ్లు కొందరు: కెమెరా ఎక్కడుంది, ఎటు చూస్తోంది. కెమెరా కంపెనీల ప్రకటనలన్నీ మొదటి జట్టు తరఫునే. ఇరవై ఏళ్లకు పైగా మైదానం అంచున కూర్చున్నవాడిగా నాది రెండో జట్టు. అలాగని మొదటి జట్టు వాదన తేలిగ్గా తీసేయదగ్గదీ కాదు, కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

లెన్సుతో మొదలుపెట్టాలి, డబ్బంతా మింగేది అదే గనక. ప్రపంచంలో ఏ మైదానానికి వెళ్లినా ఆటల ఫోటోగ్రాఫర్ చేతిలో కొలబద్దలా కనిపించేది 400 ఎంఎం, ఎఫ్ 2.8 లెన్సు. 400ని 2.8తో భాగిస్తే 143. అంటే ముందున్న అద్దం అడ్డుకొలత 14 సెంటీమీటర్లకు తగ్గడానికి వీల్లేదు. బరువూ ఖరీదూ అక్కడే పుడతాయి. రాత్రి పూట ఫ్లడ్‌లైట్ల కింద సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగం దక్కాలంటే అంత గవాక్షం తెరవక తప్పదు. దానితో పాటు ఇంకో లాభం: వెనకనున్న హోర్డింగులు, కుర్చీలు, సమోసాలు తింటున్న ప్రేక్షకులు అందరూ కరిగి మసకైపోతారు, ఆటగాడొక్కడే తేటగా నిలుస్తాడు. దానికి మూల్యం కూడా ఉంది. ఇరవై మీటర్ల దూరంలో ఆటగాడుంటే ఈ లెన్సు స్పష్టంగా పట్టేది సుమారు 42 సెంటీమీటర్ల లోతు మాత్రమే. గోల్‌కీపర్ చెయ్యి చాచి దూకితే గ్లవ్‌జ్ తేటగా, మొహం మసగ్గా రావచ్చు. ఆటోఫోకస్ మీద ఫోటోగ్రాఫర్లు అంతలా దెబ్బలాడుకునేది ఈ మూరెడు లోతు కోసమే.

తెలుపు రంగు షోకు కోసం అనుకుంటారు చాలామంది. కెనాన్ ఇలాంటి లెన్సుల్లో ఫ్లోరైట్ స్ఫటికాన్ని వాడింది. అది వేడికి వ్యాకోచిస్తుంది. ఎండలో గంటల తరబడి కూర్చునే సరుకు కాబట్టి వేడిని తిప్పికొట్టే రంగు వేశారు. తర్వాత అదే హోదా గుర్తయి కూర్చుంది. అసలైన మార్పు బరువులో వచ్చింది. కెనాన్ 400 ఎంఎం 1999 నాటి రూపంలో 5.37 కిలోలు, 2011లో 3.85 కిలోలు, 2018లో 2.84 కిలోలు. దాదాపు సగానికి దిగింది. వెన్నునొప్పితో పదవీ విరమణ చేసిన మా ముందు తరం వాళ్లకి ఈ అంకెలు చదివి వినిపించకూడదు, పాపం.

క్రికెట్‌కు మాత్రం 400 చాలదు. పిచ్ మధ్య నుంచి బౌండరీ 59 నుంచి 82 మీటర్ల దూరంలో ఉండాలన్నది నియమం. 75 మీటర్ల దూరం నుంచి 600 ఎంఎం లెన్సుతో చూస్తే ఫ్రేములో పట్టేది నాలుగున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. బ్యాట్స్‌మన్ నిలువెత్తున పడతాడు, పక్కన కీపర్‌కు కాస్త చోటు మిగులుతుంది. మొహంలో భావం కావాలంటే 1.4 కన్వర్టర్ తగిలించి 840 చేసుకోవాలి. ఇది వరకు లెన్సు విప్పి, కన్వర్టర్ పెట్టి, మళ్లీ బిగించేసరికి ఓవర్ అయిపోయేది, దుమ్ము లోపలికి పోయేది. ఇప్పుడు నికాన్ 400, 600 లెన్సుల్లో కన్వర్టర్‌ను లోపలే ఇమిడ్చారు, వేలితో మీట తోస్తే చాలు. నన్నడిగితే ఈ పదిహేనేళ్లలో క్రికెట్ ఫోటోగ్రాఫర్‌కు నిజంగా పనికొచ్చిన మార్పుల్లో ఇదొకటి. ప్రకటనల్లో దీని వంతు తక్కువ.

ఇక ఫ్రేముల వేగం. దీని చరిత్ర ఒలింపిక్స్ చరిత్రతో పాటే నడిచింది. 1972లో కెనాన్ ఎఫ్-1కు సెకనుకు 9 ఫ్రేములు తీసే ప్రత్యేక రూపం వచ్చింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నాటికి అది 14 అయింది. ఫిలిం చుట్టలో ఉండేవి 36 బొమ్మలు. 14 చొప్పున లాగిస్తే రెండున్నర సెకన్లలో చుట్ట ఖాళీ. వంద మీటర్ల పరుగు తుపాకీ పేలగానే నొక్కడం మొదలుపెట్టినవాడు, పరుగువీరులు ఇరవై మీటర్ల గీత దాటకముందే ఫిలిం మార్చుకుంటూ కూర్చునేవాడు. ఎప్పుడు నొక్కకూడదో తెలియడమే అప్పట్లో ఒడుపు.

2023 నవంబరులో ప్రకటించిన సోనీ ఏ9 III సెకనుకు 120 ఫ్రేములు తీస్తుంది. అయితే ఆ వేగంలో దాని జ్ఞాపకశక్తి సుమారు 190 ఫ్రేములకే నిండుతుంది, అంటే దాదాపు 1.6 సెకన్లకు. నలభై ఏళ్లలో 14 నుంచి 120కి ఎక్కాం. నొక్కి పట్టుకోగలిగే సమయం మాత్రం రెండున్నర సెకన్ల నుంచి ఒకటిన్నరకు దిగింది. షోరూంలో ఈ లెక్క చెబితే సేల్స్ కుర్రాడు నవ్వాడు. “సార్, మీరు కొనడానికి రాలేదని ముందే అనుకున్నా” అన్నాడు.

వేగం ఎంత ఉన్నా చాలదనడానికి మన అమలాపురం కుర్రాడే సాక్ష్యం. 2023లో సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అంటే రాకెట్‌ను వదిలిన క్షణంలో షటిల్ సెకనుకు 157 మీటర్ల వేగంతో పోతోంది. సెకనుకు 120 ఫ్రేములు తీసే కెమెరాతో పట్టినా ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య షటిల్ మీటరుకు పైగా జరిగిపోతుంది. ఒక బొమ్మలో ఇంకా రాకెట్‌ను తాకదు, తర్వాతి బొమ్మలో ఫ్రేము దాటి పోయి ఉంటుంది. షట్టర్‌ను సెకనులో రెండు వేలో వంతుకు పెట్టినా ఆ కాస్త వ్యవధిలోనే షటిల్ ఎనిమిది సెంటీమీటర్లు కదులుతుంది, దాదాపు తన పొడవంత. ఈకలు కనబడవు, తెల్లటి చార ఒకటి పడుతుంది. గాలి అడ్డుకుని షటిల్ వెంటనే నెమ్మదిస్తుందన్నదీ నిజమే, కానీ సంపాదకుడు అడిగేది రాకెట్‌కు తగిలిన క్షణాన్నే కదా. ఆ క్షణం దొరికిందంటే ఇప్పటికీ సగం లెక్క, సగం అదృష్టం.

వేగం వాదుల చేతిలో ఇంకో అస్త్రం ఉంది. కంటికి కనబడ్డాక వేలు కదలడానికి మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది. కొత్త కెమెరాలు బటన్‌ను సగం నొక్కి పట్టుకున్నంతసేపూ బొమ్మలు తీస్తూ పారేస్తూ ఉంటాయి. పూర్తిగా నొక్కగానే అంతకుముందు అర సెకనువో, ఒక సెకనువో కూడా కార్డులో దాస్తాయి. అంటే జరిగిపోయినదాన్ని తీస్తాయి. పాతకాలపు అద్దం కెమెరాల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం. షట్టర్ తెరుచుకున్నప్పుడు అద్దం పైకి లేచి కన్ను చీకటయ్యేది. అందుకే “కంటపడిందంటే ఫోటో పడలేదన్నమాట” అనేవాళ్లు పెద్దలు. బంతి బ్యాట్‌కు తగలడం వ్యూఫైండర్‌లో చూశావంటే ఆ ఫ్రేము నీకు లేదు. 2017లో సోనీ ఏ9తో ఆ చీకటి పోయింది, చప్పుడూ పోయింది. గోల్ఫ్‌లో ఇది పెద్ద సంగతి: ఆటగాడు కర్ర వెనక్కి ఎత్తుతుండగా క్లిక్‌మంటే మైదానం నుంచి గెంటేసే రోజులవి. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో అసలు కదిలే షట్టరే లేదు.

కొత్త సుఖంతో కొత్త పీడా వచ్చింది. సెన్సర్ బొమ్మను పై వరస నుంచి కింది వరసకు చదువుతుంది గనక, వేగంగా ఊపిన గోల్ఫ్ కర్ర అరటి కాయలా వంగి పడేది. మైదానం చుట్టూ వెలిగే ఎల్ఈడీ బోర్డులు చారలు చారలుగా వచ్చేవి. మనదేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. పాత లైట్లు సెకనుకు వందసార్లు వెలిగి ఆరుతుంటాయి. పక్కపక్క ఫ్రేముల్లో ఒకటి పసుపు, ఒకటి నీలం. చిన్న ఊళ్ల ఇండోర్ స్టేడియంలలో కబడ్డీ తీసినవాళ్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు. సెన్సర్ మొత్తాన్ని ఒక్కసారే చదివే పద్ధతి ఏ9 IIIతో వచ్చింది. అందులో కర్ర వంగదు.

మొదటి జట్టు వాదన ఇంతవరకూ బలంగానే ఉంది. ఇప్పుడు గుర్తుండిపోయిన బొమ్మల దగ్గరకు వద్దాం.

2024 జులై 29న తాహితీలో ఒలింపిక్ సర్ఫింగ్. బ్రెజిల్ ఆటగాడు గాబ్రియేల్ మెదీనా అలలోంచి పైకి లేచి, ఒక వేలు ఆకాశానికి చూపిస్తూ గాల్లో నిటారుగా నిలబడ్డట్టు కనిపించే ఫోటో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. ఏఎఫ్‌పీ ఫోటోగ్రాఫర్ జెరోమ్ బ్రూయే పడవ మీద నుంచి తీశాడు. తీసినవి నాలుగే ఫ్రేములు. అతను కాచుకుని ఉన్నది అల వెనక వైపు. ఆటగాడు మంచి అల దొరికితే చివర్లో ఎగిరి బయటికొస్తాడని ఊహించాడు. 2016 రియోలో వంద మీటర్ల సెమీఫైనల్లో ఉసేన్ బోల్ట్ పక్కకు తిరిగి నవ్విన బొమ్మను కేమరన్ స్పెన్సర్ నెమ్మది షట్టర్‌తో, కెమెరాను పరుగుతో పాటు తిప్పుతూ తీశాడు. అందరూ వేగం పెంచుకుంటుంటే అతను తగ్గించుకున్నాడు.

1965 మే 25, అమెరికాలో మెయిన్ రాష్ట్రం, లూయిస్టన్. కిందపడ్డ సనీ లిస్టన్ మీద మహమ్మద్ అలీ చెయ్యి మడిచి గర్జిస్తున్న బొమ్మ. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికకు దాన్ని తీసిన నీల్ లైఫర్‌కు అప్పటికి 22 ఏళ్లు. రింగుపైన కట్టిన పెద్ద ఫ్లాష్ దీపాలు ఒకసారి వెలిగితే మళ్లీ నిండడానికి సమయం తీసుకుంటాయి, కాబట్టి సెకనుకు ఇన్ని ఫ్రేములన్న మాటే లేదు. ఒకటే బొమ్మ. ఆ ఫోటోలో అలీ కాళ్ల మధ్యలోంచి ఎదుటి వైపు కూర్చున్న ఇంకో ఫోటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన హెర్బీ షార్ఫ్‌మన్, అదే పత్రికలో లైఫర్‌కు సీనియర్. ఆయనకు దక్కింది అలీ వీపు. చేతిలో సరుకు తక్కువై కాదు, కూర్చున్న వైపు అది.

ఏడాదిన్నర తర్వాత ఈ లైఫరే కుర్చీ గొడవే లేకుండా చేసుకున్నాడు. 1966 నవంబరు 14న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో అలీకీ క్లీవ్‌లాండ్ విలియమ్స్‌కీ పోటీ. మామూలు చోట్ల రింగు లైట్లు పాతికడుగుల లోపే ఉంటాయి. అక్కడ కెమెరా కట్టి రింగు మొత్తం పట్టాలంటే ఫిష్ ఐ లెన్సు కావాలి, దానితో గీతలన్నీ వంకర. ఆస్ట్రోడోమ్‌లో లైట్ల చట్రం 80 అడుగుల ఎత్తున ఉంది. లైఫర్ అక్కడ హాసెల్‌బ్లాడ్ కెమెరాను నిట్టనిలువుగా కిందికి చూసేలా బిగించి, కింద రింగు పక్కన కూర్చుని మీట నొక్కాడు. తెల్లటి చతురస్రం, ఒక మూల వెల్లకిలా చేతులు చాచి పడివున్న విలియమ్స్, ఎదుటి మూలకు నడిచి పోతున్న అలీ. ముగ్గులా ఉంటుంది బొమ్మ. రింగు అంచున మోచేతులు ఆనించిన ఫోటోగ్రాఫర్లలో లైఫర్ కూడా ఉన్నాడు. తను తీసిన ఫోటోలో తనే పడ్డాడు. మనిషి ఒకచోట, కన్ను ఇంకోచోట. రిమోట్ కెమెరా గురించి అంతకంటే ఎక్కువ చెప్పే బొమ్మ నాకు తెలియదు.

నీటి అడుగున ఇదే పని చేసినవాడు హైంజ్ క్లుట్‌మైయర్, ఆయనదీ స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కొలను అడుగున కెమెరా పెట్టించాడు. 2008 బీజింగ్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో మైకేల్ ఫెల్ప్స్ 50.58, మిలొరాద్ చావిచ్ 50.59. పైనుంచి చూసినవాళ్లకు చావిచ్ ముందున్నట్టే అనిపించింది. క్లుట్‌మైయర్ కెమెరా కిందనుంచి తీసిన వరసలో మాత్రం ఫెల్ప్స్ చేతులు పలకను నొక్కేసి ఉన్నాయి, చావిచ్ వేళ్లు ఇంకా అందుకోబోతున్నాయి. నీళ్లలో రేడియో సంకేతం పోదు కాబట్టి అక్కడ పనంతా తీగలతోనే. ఈతగాళ్లు దిగకముందే గజ ఈతగాడి దుస్తుల్లో దిగి బిగించి రావాలి. తర్వాత ఫోకస్ కదిలినా చేసేదేమీ లేదు.

ఈ దారిలో చివరిదాకా వెళితే మనిషే అక్కర్లేని కెమెరా ఎదురవుతుంది: ఫోటో ఫినిష్. దానికి షట్టర్ ఉండదు, సన్నటి చీలిక ఒకటే. ముగింపు గీతను తప్ప అది మరి దేన్నీ చూడదు. ఆ గీతమీద ఏ క్షణాన ఏముందో పక్కపక్కనే పేర్చుకుంటూ పోతుంది, అందుకే ఆ బొమ్మలో అడ్డంగా ఉన్నది దూరంలా కనిపించినా నిజానికి కాలం. 1984 ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉషకు 55.42, రుమేనియా అమ్మాయి క్రిస్టియానా కొజొకారుకు 55.41 అని తేల్చింది ఇలాంటి కెమెరాయే. 2024 పారిస్ ఒలింపిక్స్ వంద మీటర్ల పరుగులో నోవా లైల్స్ 9.784, కిషేన్ థాంప్సన్ 9.789. ఒమేగా వాడిన యంత్రం సెకనుకు 40,000 గీతలు చదువుతుంది. వేగంలో దాన్ని కొట్టేది లేదు. కానీ ఉష బొమ్మగా మనందరి కళ్లలో ఉన్నది అది తీసింది కాదు.

గోల్ వెనక కెమెరా పెట్టడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. చెప్పడానికి చిన్న పని. ఆటకు మూడు గంటల ముందు మైదానానికి చేరాలి. అడుగున పీటలాంటి ఇనుప పలక, దానిమీద బాల్ హెడ్, దానిమీద పాత కెమెరా. కొత్తది పెట్టరు, బంతి తగలొచ్చు, వాన పడొచ్చు, స్ప్రింక్లర్ తిరగొచ్చు. లెన్సు 24-70 లాంటి వెడల్పుది, 7.32 మీటర్ల గోల్ మొత్తం పట్టాలి కదా. లెన్సు మూతిని వల కన్నానికి ఎదురుగా తేవాలి. అంగుళం పక్కకు జరిగితే వలతాడు గోల్‌కీపర్ మొహానికి అడ్డంగా పడుతుంది. ఆటోఫోకస్ ఆపెయ్యాలి, లేకపోతే ఎదురుగా ఉన్న వలనే పట్టుకు కూర్చుంటుంది. ఎవరినైనా గోల్ ముందు నిలబెట్టి చేత్తో ఫోకస్ చేసి, ఆ రింగును కదలకుండా టేపు వేసెయ్యాలి. ఎక్స్‌పోజర్ కూడా చేత్తోనే. ఐదింటికి ఎండ, ఏడింటికి ఫ్లడ్‌లైటు, మధ్యలో వెళ్లి మార్చే వీల్లేదు గనక రెండింటికీ నడుమ ఒక రాజీ. పైన రేడియో రిసీవర్, దాని తీగ కెమెరాకు, తీగ ఊడకుండా మళ్లీ టేపు. వానకు ప్లాస్టిక్ సంచి. ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది టేపే.

అలా పడుకుని టేపు వేస్తుంటే ఒకసారి గ్రౌండ్ చూసుకునే పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. “ఏంది సారూ, వల ఎనక బాంబు పెడుతున్నవా?” అన్నాడు. విషయం చెబితే, “గోల్ గా దిక్కు పడితే ఏం జేస్తవ్ మరి?” అన్నాడు. రిమోట్ మీద నేను విన్న విమర్శల్లో ఇంతకంటే సూటైనది లేదు. మైదానానికి రెండు కొసలుంటాయి, నా దగ్గర ఒకటే పాత కెమెరా ఉంది.

ఆ రోజు గోల్ ఈ దిక్కే పడింది. ఒక రాష్ట్రస్థాయి ఫైనల్ అది. నలభై నిమిషాల పాటు ఆటంతా అవతలి సగంలో సాగింది. తర్వాత ఒక పొడుగు పాస్, ఇద్దరు పరిగెత్తుకొచ్చారు, కీపర్ ముందుకు దూకాడు. చేతిలో మీట నొక్కాను. సాయంత్రం కార్డు తీసి చూస్తే కీపర్ బోర్లా పడున్నాడు, బంతి వలలోంచి వెనక్కి దొర్లుతోంది, కొట్టినవాడు ఫ్రేములో లేడు. బ్యాటరీ పొదుపు కోసం కెమెరా తనంతట తాను నిద్రపోయే ఏర్పాటు ఒకటుంటుంది, దాన్ని నేను ఆపలేదు. నా మొదటి నొక్కుడు దాన్ని లేపింది, రెండోది బొమ్మ తీసింది. ఈ నిద్ర రాకుండా మీటను సగం నొక్కినట్టే ఉంచే ప్రత్యేకమైన తీగ దొరుకుతుందని అప్పటికే తెలుసు. బ్యాగులో ఉంది కూడా.

రేడియో కష్టాలు వేరు. పాకెట్‌విజార్డ్ లాంటి రిసీవర్లలో చానళ్లుంటాయి. పక్కవాడిదీ నీదీ ఒకే చానలైతే అతను నొక్కినప్పుడల్లా నీ కెమెరా పేలుతుంది. విరామం అయ్యేసరికి ఖాళీ గోల్ బొమ్మలతో కార్డు నిండిపోతుంది. అందుకే ఒలింపిక్స్ లాంటి చోట్ల ఎవరు ఏ ఫ్రీక్వెన్సీ వాడాలో ముందే కేటాయించి పరికరానికి చీటీ అంటిస్తారు. మన దగ్గర ఆ పని ఫోటోగ్రాఫర్లే చేసుకుంటారు: “అన్నా, నువ్వే చానల్?” “పదమూడు.” “అయితే నేను పధ్నాలుగు పెట్టుకుంటా.” కప్పు కింద కట్టే కెమెరాలకైతే క్లాంప్ ఒక్కటే సరిపోదు. లెన్సుకు వేరే, బాడీకి వేరే ఉక్కు తీగ కట్టి చట్రానికి తగిలించాలి. లెన్సు హుడ్‌కు కూడా టేపు. కింద ఆడేవాళ్ల తలలున్నాయి మరి.

2012 లండన్ ఒలింపిక్స్ నుంచి రిమోట్‌కు మెడ తిప్పడం వచ్చింది. రాయిటర్స్ తరఫున ఫాబ్రిజియో బెన్ష్ బృందం కప్పులకింద రోబో కెమెరాలు కట్టి, కింద కూర్చుని జాయ్‌స్టిక్‌తో తిప్పింది. జూమ్, ఫోకస్ అన్నీ దూరం నుంచే. మిగతా పెద్ద ఏజెన్సీలూ ఆ దారి పట్టాయి. ఇలాంటి యంత్రాలు చేసే ఎంఆర్ఎంసీ అనే బ్రిటన్ కంపెనీని 2016లో నికాన్ కొనేసింది. గొప్ప సౌకర్యమే, సందేహం లేదు. నా చాదస్తం అనుకోండి, కదలని రిమోట్‌లో ఉన్న పందెం ఇందులో తగ్గింది. లైఫర్ చట్రానికి కెమెరా బిగించినప్పుడు ఎవరు ఎటు పడతారో తెలియదు. రోబో వెనక కూర్చున్నవాడు పడ్డాక తిప్పుకోవచ్చు. అయినా కప్పు కింద ఏ దూలానికి కట్టాలన్నది మాత్రం ఇప్పటికీ ముందే తేల్చుకోవాలి.

తీసిన బొమ్మ ఏమవుతుందన్నది క్లుప్తంగా చెప్పేస్తాను. పెద్ద కెమెరాలకు నెట్‌వర్క్ తీగ పెట్టే రంధ్రం ఉంటుంది. బొమ్మ నేరుగా ఎడిటర్ బల్ల మీదికి పోతుంది, ఆయన వేరే ఖండంలో ఉండొచ్చు. ఫోటో మెకానిక్ అనే సాఫ్ట్‌వేర్‌లో జెర్సీ నంబరు కొడితే ఆటగాడి పూర్తి పేరు, జట్టు పేరు వచ్చి పడతాయి. గోల్ పడ్డ నిమిషంలోపే బొమ్మ పత్రికల ముందుంటుంది. ఇందులో నష్టపోయిందొకటే, తీసినవాడు తన బొమ్మను తనే ఏరుకోవడం. కొందరికి తమ పేరుతో ఏ ఫ్రేము వెళ్లిందో మర్నాడు పేపర్లో చూస్తేగానీ తెలియదు.

చోటు వాదం గురించి ఇంత చెప్పాక దాని చేదు కూడా చెప్పాలి. చోటు ఎవరిస్తారు? లెన్సు డబ్బుకు దొరుకుతుంది, పది లక్షల పైమాట అయినా అప్పో సప్పో చేయొచ్చు. ఒలింపిక్స్‌లో అయితే కంపెనీలే కౌంటర్ తెరిచి అరువిస్తాయి. మైదానంలోకి అనుమతి అలా దొరకదు. 2012లో ఇంగ్లండ్ జట్టు భారత్ వచ్చినప్పుడు గెట్టీ లాంటి ఫోటో సంస్థలకు బీసీసీఐ అనుమతి నిరాకరించింది. దానికి నిరసనగా ఏపీ, ఏఎఫ్‌పీ, రాయిటర్స్ వార్తా సంస్థలు కవరేజి ఆపేశాయి. అంత పెద్దవాళ్ల లెన్సులన్నీ గేటు బయటే ఉండిపోయాయి. క్రికెట్‌లో రిమోట్‌కు చోటే తక్కువ. వికెట్లలో దూరిన కెమెరా టీవీ వాళ్లది. సైట్‌స్క్రీన్ దగ్గర కదలడానికి లేదు. మిగిలింది తాడు అవతల స్టూలు. స్పోర్ట్‌స్టార్ మధ్యపేజీ పోస్టర్లు గోడకు అంటించుకుని పెరిగిన మా తరం, ఆ బొమ్మలన్నీ అంత దూరం నుంచే తీశారని తర్వాతెప్పుడో తెలుసుకుంది.

జిల్లా విలేకరి పరిస్థితి ఇంకా వేరు. చేతిలో 70-200 ఒకటి, అదీ సెకండ్ హ్యాండ్. కానీ మండలస్థాయి కబడ్డీలో అతన్ని గీత దగ్గరకు రావద్దనేవాళ్లు లేరు. చెట్టుకు కెమెరా కట్టినా, గోల్‌పోస్టు పక్కన పడుకున్నా అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఒలింపిక్స్ ఫోటోగ్రాఫర్ అర్జీలు పెట్టుకుని సంపాదించే చోటు అతనికి ఊరికే దొరుకుతుంది. కుర్రాళ్లెవరైనా సలహా అడిగితే, పెద్ద లెన్సు కోసం చీటీ పాడేముందు ఒక క్లాంప్, ఒక రిసీవర్, రెండు టేపు చుట్టలు కొనుక్కోమని చెబుతాను. చాలామంది మర్యాదగా తలూపి వెళ్లి లెన్సే కొంటారు.

ఆట అయిపోయాక రిమోట్ విప్పడం వేరే పని. జనం వెళ్లిపోతారు, లైట్లు ఒక్కొక్క వరసే ఆర్పుతూ వస్తారు, ఫోను వెలుగులో టేపు పీకాలి. జిగురు వేళ్లకంటుకుని అన్నం తినేదాకా వదలదు. ఇంటికొచ్చి కార్డు తెరిస్తే మొదటి బొమ్మలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి: కాంతి చూడ్డానికి తీసిన పరీక్ష ఫ్రేములు. ఖాళీ గోల్, వల ఇవతలికి వంగి లెన్సులోకి చూస్తున్న నా మొహం, పళ్ల మధ్య టేపు ముక్క. ఆ ఫైనల్ రోజు కార్డులో వాటి వెనక ఇంకొకటుంది. గోల్ ఎంత ఎత్తుందో చూపిస్తానని చేతులు పైకెత్తి నిలబడ్డ గ్రౌండ్ పెద్దాయన, లుంగీ ఎగ్గట్టి, ఫోకస్ పక్కాగా.